ఉప్పు లేని గిన్నె

"కొంగు ముడి ఇప్పు వదినె."

"ఎందుకిప్పాలె? నీ ఇంట్ల దొంగతనానికి వచ్చిన్నా నేను?"

"దొంగతనమో కాదో ముడి ఇప్పితే తెలుస్తది. పోరి చెప్పింది. అమ్మమ్మ కొంగుల రుచి ఉంటదట."

"చెప్పిందా! నోట్ల నువ్వుగింజ నానదు దానికి. అచ్చం మీ వంశమే." ఆమె కొంగును నడుములోకి ఇంకా గట్టిగా దోపుకుంది. "అవ్, ఉప్పే. చిటికెడు వేసిన. వేస్తే తిన్నది. నువ్వు పెడితే మూతి తిప్పుతది గద?"

"డాక్టర్ ఏం చెప్పిండు? నువ్వు ఇనలేదా?"

"డాక్టర్‌కేం ఎరుక? ఉప్పు లేని బువ్వ మా దిక్కు సచ్చినోళ్ళకు పెడ్తరు. బతికున్న పోరికి ఆ బువ్వ నా చేత్తోటి పెట్టుమంటవా?"

ఆ మాట అన్నది నా వియ్యపురాలు, కోడలి తల్లి. ఆమెది కందకుర్తి దగ్గర పల్లె. నాది రుద్రూర్ పక్కన, చెరుకు పండించే ఊరు. మా ఇద్దరి మనుమరాలికి మూత్రపిండాల జబ్బు వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. ఒంటికి నీరు పట్టి, పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకోలేనంతగా ముఖం ఉబ్బేది. నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్చాం. కొన్నాళ్ళకు వార్డులోంచి బయటికి పంపారు గానీ ఊరికి పోనివ్వలేదు. రోజూ పొద్దున తూకం చూడాలి, మందు మార్చాలి. ఉప్పు మాత్రం ముట్టించొద్దు అన్నారు.

ఆసుపత్రి వెనుక సందులో, జబ్బు పిల్లల తల్లిదండ్రులు ఉండడానికని ఎవరో కట్టించిన పొడుగాటి ఇల్లు ఒకటి ఉంది. మాకు అందులో ఒక గది ఇచ్చారు. రెండు ఇనుప మంచాలు, ఒక గూడు. వంటిల్లు అందరికీ ఒకటే. కిరాయి లేదు. ఊరికే ఉండడం నాకు పడదు కాబట్టి, ఎవరూ చెప్పకముందే లేచి వరండా అంతా ఊడ్చేదాన్ని. బియ్యం, పప్పు ఇంటి నుంచే తెచ్చుకున్నాను. కోడలి ఒళ్ళో పాలు తాగే పిల్లవాడు. అలాంటి చంటివాడితో జబ్బు పిల్లల మధ్య ఉండొద్దని ఆమెను ఇంటికి పంపేశారు. చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు కోతకు మా వంతు వచ్చింది, అది తప్పితే చెరుకు ఎండిపోతుంది కాబట్టి కొడుకూ రాలేకపోయాడు. అట్లా ఇద్దరు ముసలమ్మలం ఒక గదిలో పడ్డాం. నేను ఒక్కదాన్నే చాలు అంటే వియ్యపురాలు వినలేదు. ఆమె ఒక్కతే చాలు అంటే నేను వినలేదు.

ఆ పొద్దున డాక్టరు పిల్ల కాళ్ళు వేలితో నొక్కి చూశాడు. గుంట పడింది. "మందు పనిచేస్తలేదమ్మా. రేపు కూడా తూకం దిగకపోతే హైదరాబాద్ పంపిస్త" అన్నాడు. మా ఊరి నుంచి హైదరాబాద్ పోయిన పిల్లల్లో తిరిగి రానివాళ్ళు నాకు తెలుసు. సాయంత్రం కూరగాయలు కోస్తుంటే పిల్ల వచ్చి కొంగు సంగతి చెప్పింది. నేను కత్తిపీట దగ్గర్నుంచి అట్లాగే లేచాను.

పక్క పొయ్యి మీద బోధన్ నుంచి వచ్చిన ఒకామె రొట్టెలు కాలుస్తోంది. బట్టలు కుట్టే ఇల్లు వాళ్ళది. ఆమె కొడుక్కి కూడా ఇదే జబ్బు. మమ్మల్ని కొంతసేపు విని, రొట్టె తిప్పుతూ అంది.

"గుస్సా గావద్దు గానీ అమ్మా, నేనొకటి అడుగుత. మీరిద్దరు రోజు ఏం తింటున్నరు?"

"ఏం తింటం? పప్పు, మామిడి తొక్కు" అంది వియ్యపురాలు.

"తొక్కు వాసన పోరి ముక్కుకు తగులుతది. దాని పళ్ళెంలనేమో ఉప్పు లేని ఫీకా బువ్వ. ఎట్ల తింటది? మేం అందరం ఫీకానే తింటున్నం. మా ఆయన ఆదివారం వచ్చినా గంతే."

ఆమె చెప్పింది అంతే. మళ్ళీ రొట్టెల్లో పడింది.

రోజూ రెండు గిన్నెలు వండేదాన్ని, పిల్లకు చిన్నది, మాకు పెద్దది. ఆ పూట చిన్న గిన్నె కడిగి బోర్లించాను. పెద్ద గిన్నెలోనే పెసరపప్పు వేసి, నిమ్మకాయ పిండి, కొత్తిమీర వేసి దించాను. ఉప్పు వేయలేదు.

"మనకెక్కడ?" అంది వియ్యపురాలు.

"అందరికి గిదే. గ్యాస్ గూడ మిగుల్తది."

"వదినె, నాకు దిగదు."

"దిగాలె. సచ్చినోళ్ళ బువ్వ అన్నవు గద. మనం బతికున్నోళ్ళమే. మనం గూడ తింటే గది బతికున్నోళ్ళ బువ్వనే అయితది."

ఆమె కొంగు ముడి విప్పింది. చెమటకు తడిసిన ఉప్పు ముద్దయి ఉంది. మోరీలో పోయబోతే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పారేయకు. డబ్బాల వెయ్యి. ఇంటికి తీస్కపో."

"నీ పిసినారితనం తగలెయ్య" అంది, డబ్బా మూత తీస్తూ.

ముగ్గురం నేల మీద కూర్చున్నాం. ముందు పిల్ల తినలేదు. అమ్మమ్మ పళ్ళెంలో వేలు ముంచి నాకింది, నా పళ్ళెంలోనూ నాకింది.

"అమ్మమ్మా, నీది గూడ సప్పగుందా?"

"ఉన్నది బిడ్డా. మీ నాయినమ్మ వంట ఎప్పటికి గింతే."

పిల్ల నవ్వింది. కొసరి కొసరి తింది. పళ్ళెం ఖాళీ కాలేదు గానీ సగం పైన పోయింది. ఆ చప్పిడి పప్పు నాకూ గొంతు దిగలేదు. పిల్ల చూస్తోందని మింగాను.

తెల్లారి పిల్లను తూకం మీద నిలబెట్టారు. కొద్దిగా దిగిందని నర్సమ్మ చెప్పింది. డాక్టరు ఇంకా ఏమీ అనకముందే వియ్యపురాలు నన్ను పక్కకు జరిపి ముందుకు పోయింది.

"సారూ, ఇన్నొద్దులు నేనే బువ్వల ఉప్పు కలిపిన. ఈమెకు తెల్వదు. నిన్న రాత్రి కలపలే."

డాక్టరు ఆమెను వార్డంతా వినేటట్టు కోప్పడ్డాడు. ఆమె తల వంచుకుని అంతా విన్నది. తర్వాత ఆయన పిల్ల కాళ్ళు మళ్ళీ నొక్కి చూసి, ఇంతకాలం మందు పనిచేయట్లేదనుకున్నానని, అది ఉప్పు పనేనని, ఇక ఉప్పు తగలకుండా ఇంకొన్నాళ్ళు ఇక్కడే చూద్దామని, హైదరాబాద్ ఇప్పుడు వద్దని చెప్పాడు.

గదికి తిరిగి వచ్చాం. నేను చీపురు తీసుకుని వరండాలోకి పోయాను. వియ్యపురాలు తొక్కు సీసాను సంచిలో పెట్టి మూతి కట్టి, పెద్ద గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టింది.