హారన్ ఆపని ఆదివారం

పోయిన శనివారం సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచిన చోట ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి: పుస్తకాలమ్మే ముసలాయన, ఆయన మోకాలి మీద చిన్న రేడియో, పోటీ పరీక్షల గైడ్లకు బేరమాడుతున్న ఇద్దరు అమ్మాయిలు, ఒక లిఫ్టు మరమ్మతు ముగించుకుని భుజాన పనిముట్ల సంచితో నేను, నా కాళ్ల దగ్గర మూడు వరసల్లో ఇంగ్లీషు నవలలు. మూడో వరసలో చివరి పుస్తకం అట్ట మీద ఒకమ్మాయి బొమ్మ ఉంది. జుట్టు కనబడకుండా తెల్లటి టోపీ, మెడ దాకా మూసిన ముదురు రంగు గౌను, ఒంటి మీద ఒక్క నగ లేదు, వెనక మబ్బు పట్టిన పొలం, పొలంలో గుర్రబ్బండి. తిప్పి వెనక అట్ట చదివాను. అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవులు ఉన్నారట. ఇళ్లలో కరెంటు పెట్టుకోరు, కార్లు కొనుక్కోరు, సాదా బట్టలు తప్ప కట్టరు. వాళ్లలో ఒక పిల్ల చూడకూడనిది ఒకటి చూస్తుంది, ప్రమాదం ఆమె వెంట పడుతుంది, బయటివాడొకడు ఆమెకు కాపలా కాస్తాడు, కాపలాలోనే ప్రేమ పుడుతుంది. ఇలాంటివి చాలా వస్తాయని, ఆడపిల్లలు బాగా తీసుకుంటారని ముసలాయన చెప్పాడు. నేను కొనలేదు. పుస్తకం ఉన్నచోటే పెట్టి బస్సెక్కాను గాని, కిషన్‌బాగ్ వచ్చేదాకా మా అక్కే కళ్ల ముందు మెదిలింది.

మా సంఘానికి ఊరూ పొలమూ లేవు. కిషన్‌బాగ్‌లో, రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన సందులో, రేకుల కప్పు వేసిన ఒక గది మా ప్రార్థన మందిరం. నియమాలు నాకు వరసగా గుర్తు: బంగారం వద్దు, టీవీ వద్దు, ఫొటో వద్దు, సినిమా వద్దు, ఆడవాళ్లకు తెల్ల చీర, తల మీద కొంగు, పెళ్లి సంఘంలోనే, అన్నిటికంటే ముఖ్యంగా ఒట్టు వేయకూడదు. ఒట్టేసి చెప్పింది నిజమైతే, వేయకుండా చెప్పింది ఏమిటి అని మా సంఘ పెద్దయ్య అడిగేవారు. కీప్యాడ్ ఫోన్ల కాలంలో పాలిటెక్నిక్ చదివిన నా ఈడువాళ్లకు తెలుసు, ఆ వయసులో క్లాసులో సినిమా కబుర్లు నడుస్తుంటే ఏమీ తెలియనివాడిలా కూర్చోవడం ఎంత కష్టమో. నేను కూర్చున్నాను. నాకు దొరికిన ఒకే ఒక్క సరదా మందిరంలోని యాంప్లిఫయరు.

దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. యాంప్లిఫయరు నుంచి రెండు తీగలు, ఒకటి గదిలోని స్పీకరు డబ్బాకు, రెండోది కప్పు మీద సందు వైపు తిప్పి బిగించిన గరాటా లౌడ్‌స్పీకరుకు, అంటే హారన్‌కు. హారన్ తీగ మధ్యలో ఒక స్విచ్చు. పాటలప్పుడు హారన్ మోగాలి, సందంతా వినాలి, సాక్ష్యాలప్పుడు ఆగిపోవాలి. సాక్ష్యం అంటే మాలో ఎవరి మనసులో వారం రోజులుగా ఏది బరువుగా ఉందో వాళ్లు లేచి అందరి ముందూ దాచకుండా చెప్పడం. మొగుడితో పోట్లాట, పనిలో చేసిన దొంగతనం, పక్కింటివాళ్ల మీద అసూయ, అన్నీ అక్కడ బయటపడేవి, ఏదీ గడప దాటేది కాదు. గడప దాటకుండా చూసే పని ఆ స్విచ్చుది, అంటే నాది. డిప్లొమా రెండో ఏడాదిలో ఉన్న నాకు పెద్దయ్య ఎంతో నమ్మకంతో అప్పగించిన పని అది.

మా బాపు నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. అమ్మ సర్కారు దవాఖానలో ఆయా. నాకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్క ఉస్మాన్‌గంజ్‌లో ఒక ఎండుమిర్చి గోదాములో మార్కా రాసేది, అంటే గోతాల మీద ఏ ఊరికి, ఎవరికి పోవాలో కుంచెతో నల్ల సిరాతో రాయడం. ఆమె అక్షరాలు అచ్చు వేసినట్టు ఉండేవి. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి మిర్చి ఘాటు పట్టిన చీర మార్చుకునేదాకా అమ్మా నేనూ తుమ్ముతూనే ఉండేవాళ్లం.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆ గోదాము పై అంతస్తు నుంచి ఒక హమాలీ రాతి నేల మీద పడ్డాడు. మూడో రోజు దవాఖానలో ప్రాణం పోయింది. కాలు జారిందని గోదాము యజమాని సేటు మేనల్లుడు చెప్పాడు, అక్కడున్న మిగతా నలుగురు హమాలీలూ అదే మాట చెప్పారు, పోలీసులు అదే రాసుకున్నారు. పై అంతస్తులో గోతాల వెనక కూర్చుని మార్కా రాస్తున్న మా అక్కను ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆమె అక్కడ ఉందని ఎవరికీ తెలియదు. గోతం దించే వరస మీద మాటామాటా పెరిగి మేనల్లుడు ఆ మనిషిని రెండు చేతులతో రొమ్ము మీద నెట్టడం ఆమె చూసింది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆరు రోజులు అన్నం సరిగా తినలేదు, అంతే మేము గమనించింది.

ఆ వారం శనివారం నాడు హారన్ గరగరమంటోందని నేను నిచ్చెన వేసుకుని చూశాను. లోపం స్విచ్చులో ఉందేమో తెలుసుకుందామని రెండు తీగల కొసలు ఒలిచి, స్విచ్చును దాటవేసి, నేరుగా కలిపాను. శబ్దం శుభ్రంగా వచ్చింది. స్విచ్చే పాడైందని తేలింది, సోమవారం కొత్తది కొందామనుకుని తీగలు అలాగే వదిలేసి దిగాను. ఆదివారం సాక్ష్యాల వేళ చెయ్యి అలవాటుగా స్విచ్చు కిందికి నొక్కింది. అది దేనికీ కలిసి లేదన్న సంగతి చేతికి తెలియదు, మనసుకు గుర్తు రాలేదు. అక్క లేచి, తల మీది కొంగు సర్దుకుని, మైకు ముందు నిలబడి, చూసింది చూసినట్టు చెప్పింది. ఎవరు నెట్టారో చెప్పింది. భయపడి ఆరు రోజులు నోరు మూసుకున్నానని, చచ్చిపోయినాయన భార్య ముందుకు పోయి నిలబడే ధైర్యం కోసం ప్రార్థన చేయమని అడిగింది. గదిలో ఆడవాళ్లు ఏడుస్తుంటే బయట హారన్ మోగుతున్న సంగతి నా చెవికి ఎక్కలేదు.

ప్రార్థన అయ్యాక సందు మొగదల ఛాయ్ హోటలాయన నన్ను చెయ్యి ఊపి పిలిచాడు. రోజూ పరాచికాలాడే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

“భాయ్, ఇయ్యాల మీ అక్క మాట మస్తు దూరం వినబడ్డది.”

నిచ్చెన వేసి చూస్తే నేను కలిపిన తీగలు కలిపినట్టే ఉన్నాయి. ఇంటికి పోయి అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, “స్విచ్చు నువ్వు మరిచినవ్. చెప్పింది నేనే గద తమ్మీ,” అంది. మర్నాడు పొద్దున హమాలీ భార్య ఇంటికి, అక్కడినుంచి ఆమెతో కలిసి పోలీసు ఠాణాకు పోయింది. అమ్మ వద్దనలేదు గాని, ఆ రోజంతా గడపలోనే కూర్చుంది.

గోదాములో పని పోయింది. అదే గంజ్‌లో ఒక బెల్లం వ్యాపారి దగ్గర మళ్లీ మార్కా రాసే పనికి కుదిరింది. పోలీసులు కేసు కట్టారు గాని, నెల తిరగకుండానే సేటు మేనల్లుడు బెయిలు మీద విడుదలై మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, చాలా మర్యాదగా మాట్లాడాడు. చీకట్లో సరిగా కనబడలేదని ఒక్క మాట అంటే చాలు, అంతా సర్దుకుంటుందన్నాడు.

“చీకటి లేదన్నా,” అంది అక్క. “చూసిన. చూడలేదని ఎట్ల అంట?”

“కోర్టుల ఒట్టేసి చెప్తవా చెల్లె? మీ దాంట్ల ఒట్టు పాపమట గద. ఒట్టు లేకుంటే ఆడ నీ మాట చెల్లది. ఉత్తగ ఎందుకు ఫికర్ తెచ్చుకుంటవ్?” అని అతను నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్లాడు.

బెదిరింపు కంటే ఆ నవ్వు మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే అతను చెప్పింది నిజమని మేమూ అనుకున్నాం. పెద్దయ్యను అడిగితే సాక్ష్యం చెప్పడం తప్పు కాదు, ఒట్టు వేయడం తప్పు, వేస్తే సంఘంలో ఉండడం కుదరదు అన్నారు. అక్కకు బాపు పోయాక సంఘమే పుట్టిల్లు. ఒట్టు వేస్తే అది పోతుంది, వేయకపోతే చచ్చిపోయిన మనిషికి ఉన్న ఒక్క సాక్షీ పోతుంది.

అప్పటినుంచి అమ్మ నన్ను సాయంత్రం క్లాసులు కాగానే ఉస్మాన్‌గంజ్‌కు పంపేది, అక్కను వెంటబెట్టుకుని రమ్మని. రెండో రోజే గమనించాను, మా వెనక పది అడుగుల దూరంలో ఒకాయన నడుస్తున్నాడు. ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు. అఫ్జల్‌గంజ్‌లో అక్క ముందు ద్వారం నుంచి బస్సెక్కితే ఆయన వెనక ద్వారం నుంచి ఎక్కుతాడు, కిషన్‌బాగ్‌లో దిగి మా తలుపు మూసేదాకా సందు మొగదల నిలబడతాడు. ఆయన మిర్చి గోదాముకు ఎదురుగా ఉన్న చింతపండు దుకాణం షావుకారు చిన్న కొడుకు. తరాలుగా గంజ్‌లో వ్యాపారం చేస్తున్న కుటుంబం, ఇంట్లో రెండు పూటలా పూజ. అక్క పక్కకు కూడా చూసేది కాదు. మా నియమం ప్రకారం పరాయి మగవాడితో ఒంటరిగా మాట్లాడకూడదు, ఆమె మాట్లాడలేదు, ఆయనా ప్రయత్నించలేదు. వారం తర్వాత నేనే ఛాయ్ హోటల్ దగ్గర ఆపి, ఎందుకిలా వస్తున్నావని అడిగాను.

“ఏం లేదు తమ్మీ, పొట్ట తగ్గించుకుంటున్న,” అన్నాడు. కాసేపయ్యాక, ఛాయ్ సగం తాగి, ఆ మధ్యాహ్నం హమాలీ పడిన చప్పుడు తానూ విన్నానని, విని దుకాణంలోనే కూర్చుండిపోయానని చెప్పాడు. అక్కకు వచ్చిన ఒట్టు చిక్కు సంగతి నేనూ ఆయనకు చెప్పాను.

నాకు పరీక్ష ఉండి తోడు పోలేని సాయంత్రం ఒకటి వచ్చింది. బస్‌స్టాపుకు కాస్త ఇవతల ఒక బైకు ఫుట్‌పాత్ ఎక్కి నేరుగా అక్క మీదికి వచ్చింది. పది అడుగులను ఆయన ఎలా దాటాడో తెలియదు, మధ్యలో నిలబడ్డాడు. అక్క మోచేతులు గీరుకున్నాయి, ఆయన ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. నేను దవాఖానకు చూడడానికి పోతే, ఆయన కట్టుతో మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. ఆయన మీద కేకలేయాలో ఏడవాలో నాకు తెలియలేదు.

“మా బాపుకు గోతం మీద పడ్డదని చెప్పిన. మీ అక్కకు గిది చెప్పకు, అబద్ధమాడిన అని తెలిస్తే ఎనక నడవనియ్యది.” ఆ తర్వాత దిండు కింద నుంచి మడిచిన కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. “వకీలును అడిగిన తమ్మీ. ఒట్టు వెయ్యనోళ్లకు కోర్టుల వేరే మాట ఉన్నదంట. నిజమే చెప్తనని మాట ఇస్తున్న అంటే సాలంట. దేవుని మీద ఒట్టు అక్కర్లే. చట్టంలనే రాసున్నది.”

ఆ కాగితాన్ని పెద్దయ్య కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చదివారు. ఇందులో తప్పు లేదన్నారు. కోర్టులో గుమాస్తా ప్రమాణం చదవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టి, తాను ఒట్టు వేయనని, ఒట్టు లేకుండానే నిజం చెబుతానని అంది. జడ్జిగారు ఒకసారి తలెత్తి చూసి అలాగే రాసుకోమన్నారు. మేనల్లుడి వకీలు రెండు గంటలు తిప్పి తిప్పి అడిగాడు. ఆమె జవాబులు గోతాల మీది అక్షరాల్లా ఉన్నాయి, వంకర లేదు, ఎక్కువ లేదు. మేనల్లుడికి శిక్ష పడింది. హమాలీ భార్య కోర్టు మెట్ల మీద అక్క చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాని నెలకోసారి క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె విరిచి పంచే ముందు పెద్దయ్య అందరినీ, ఎవరి మనసులోనైనా ఏమైనా ఉందా అని అడుగుతారు. ఆ ఆదివారం ఆయన అక్కను పేరు పెట్టి అడిగారు. ఒకాయన నీ వెనక నడుస్తున్నాడని విన్నాం బిడ్డా, నీ మనసులో ఏముంది అన్నారు. లేదు అంటే సరిపోయేది. ఏమీ అనకపోయినా ఆయన రెట్టించి ఉండేవారు కాదు, ఆయనకూ ఆమెను పోగొట్టుకోవాలని లేదు. ఆ రోజు నేను హారన్ తీగను పూర్తిగా పీకేసి జేబులో పెట్టుకుని కూర్చున్నాను.

“ఆయనతోని ఒక్క మాట మాట్లాడలే పెద్దయ్యా,” అంది అక్క. “కానీ చెయ్యి ఇరిగి రాని రోజులల్ల నాకు నడక సాగలే.”

సంఘం బయటి మనిషి మీద మనసు పెట్టుకుంటే నియమం దాటినట్టే బిడ్డా అన్నారు పెద్దయ్య. రొట్టె పళ్లెం ఆమె దగ్గరికి రాకుండా పక్కకు పోయింది. సంఘం పుస్తకంలో ఆమె పేరు ఆయనే కొట్టివేశారు. ఆమె లేచి, అందరికీ తల వంచి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది, నేను వెంట పోయాను. సందు మొగదల ఆయన ఉన్నాడు, పది అడుగుల దూరంలో. మొదటిసారి అక్క ఆగి, ఆయన పక్కకు వచ్చేదాకా నిలబడింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లయింది. ఆయన ఇంట్లోవాళ్లూ రాలేదు, మా సంఘంవాళ్లూ రాలేదు, అమ్మ వచ్చింది. ఇప్పుడు నగరం అవతలి కొసన సొంతంగా చింతపండు దుకాణం పెట్టుకున్నారు. ఆయన రెండు పూటలా దీపం పెడతాడు, ఆమె తల మీద కొంగు వేసుకుని తన ప్రార్థన తాను చేసుకుంటుంది. మెడలో ఇప్పటికీ నగ లేదు.

పెద్దయ్య పోయి ఐదేళ్లయింది. మందిరానికి ఇప్పుడు స్లాబు వేశారు, హారన్ తీసేశారు, ఫొటోలు వద్దన్న నియమం స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఎవరికీ గుర్తు లేదు. వాటికి నాకు పెద్ద బాధ లేదు. సాక్ష్యాల వేళ వచ్చినప్పుడే ఏదో గుచ్చుకుంటుంది. నోరు విప్పి ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుందో ఆ గదిలో అందరూ రెండుసార్లు చూశారు, ఒకసారి నా వల్ల గడప దాటి, ఒకసారి గడప దాటకుండానే. ఆ తర్వాత ఒక్కొక్కరే లేవడం మానేశారు. లేచినా దేవుడి దయ వల్ల అంతా బాగుందని చెప్పి కూర్చుంటారు. మనసులో ఉన్నది తెచ్చి పరిచే చోటు ఒకటి మాకు ఉండేదని కొత్తగా చేరినవాళ్లకు చెబితే నమ్మరు. లెక్క రాయడం నాకు అలవాటు గనుక రాసుకుంటూ వస్తున్నాను. నిన్న ప్రార్థనకు వచ్చినవాళ్లు యాభై రెండు మంది. సాక్ష్యానికి లేచినవాళ్లు ఇద్దరు.