ఇంపార్టెంట్ కాని డివైస్‌లు

గుంటూరులో వసుమతి పాఠం చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె గొంతు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మైకు పట్టేది కాదు, అరిచేదీ కాదు. అయినా ఆఖరి బెంచీలో కునికిపాట్లు పడేవాడు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. అలాంటి మనిషి అమెరికాలోని క్యారీ వచ్చాక, తెలుగువాళ్లు తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో ప్లేటు పట్టుకుని ఓ మూల నిలబడటం అలవాటు చేసుకుంది. ఎవరైనా పలకరిస్తే నవ్వేది, నోరు విప్పేది కాదు.

ఊరికే రాలేదు ఆ భయం. డిపెండెంట్ వీసా మీద వర్క్ పర్మిట్ చేతికొచ్చిన దగ్గర్నుంచి డేటా అనలిస్ట్ ఉద్యోగాలకు అప్లై చేస్తూనే ఉంది. రెజ్యుమె నచ్చేది, టెస్టు అవలీలగా దాటేది, వీడియో ఇంటర్వ్యూ దగ్గర చతికిలబడేది. అవతలివాళ్లు మొహం చిట్లించి, చెవి ముందుకు పెట్టి, "సారీ, కెన్ యూ రిపీట్ దట్?" అనేవాళ్లు. ఆమె మళ్లీ చెప్పేది. మళ్లీ సారీ. ఆ తర్వాత వచ్చే మెయిల్లో కమ్యూనికేషన్ అన్న మాట ఎక్కడో ఓ చోట మర్యాదగా కూర్చుని ఉండేది.

"ఏమీ అనుకోకు వసూ, సబ్జెక్ట్‌లో నీకు తిరుగులేదు. యాక్సెంటే ప్రాబ్లం," అన్నాడు భర్త జగన్మోహన్. ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు. ఇరవై ఊళ్లలోని ఆఫీసులకు కనెక్షన్ తెగకుండా చూడటం ఆయన పని. భార్య మీద జాలిపడి ఆన్‌లైన్‌లో యాక్సెంట్ క్లాసులకు కూడా జాయిన్ చేశాడు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాలుక, బాత్రూమ్ అద్దం ముందు పెదవులు గుండ్రంగా చుట్టి వాటర్, వాటర్ అని వల్లించడం మొదలుపెట్టింది. కూతురు వేద తలుపు బయట నిలబడి నవ్వేది. "అమ్మా, యూ సౌండ్ సో వియర్డ్. మామూలుగా మాట్లాడు."

చివరికి ఓ ఆసుపత్రుల సంస్థలో ఆఖరి రౌండ్ దాకా వెళ్లింది. ఇంట్లో తలుపున్న ఆఫీసు గది జగన్మోహన్‌ది కాబట్టి, వంటగది పక్కన డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుంది. అసలైన ప్రశ్నకు మంచి ఊపులో జవాబు చెబుతోంది. మధ్యాహ్నం కదా, జగన్మోహన్ కిందికి దిగి, ఆమెకు ఇబ్బంది కాకూడదని మునివేళ్ల మీద నడిచి, మైక్రోవేవ్‌లో సాంబారన్నం పెట్టుకున్నాడు. తెర మీద ఇంటర్వ్యూ చేస్తున్న ముగ్గురి మొహాలూ కదలకుండా బిగుసుకుపోయాయి. కదలిక వచ్చేసరికి ఆమె జవాబు అయిపోయింది, వాళ్లు మాత్రం ఇంకా ఎదురుచూస్తున్నారు. తన వల్లే అనుకుని ఆమె తడబడింది. ఆ తడబాటు మాత్రం వాళ్లకు చక్కగా వినిపించింది.

"ఆన్సర్స్ నచ్చాయంట వసుమతి గారూ, కానీ సగం అర్థం కాలేదంట," అని రిక్రూటర్ అవని నొచ్చుకుంటూ ఫోన్ చేసింది. ఆ వారమంతా వసుమతి కూతురితో కూడా పొడిపొడిగానే మాట్లాడింది.

తర్వాత ఓ రోజు యాక్సెంట్ క్లాసు వీడియో పెట్టుకుని, ఉప్మా వేడి చేసుకుంటోంది. మైక్రోవేవ్ తిరిగినంతసేపూ టీచరమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అది ఆగగానే టీచరమ్మకు మాటొచ్చింది. స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషికి ఒక్కసారి జరిగితే నమ్మకం కుదరదు. గిన్నెలో నీళ్లు పోసి మళ్లీ తిప్పింది, మళ్లీ మళ్లీ తిప్పింది. ప్రతిసారీ అదే వరస.

అప్పుడు కూర్చుని వెతికింది. ఇంట్లో వైఫై రెండు బ్యాండ్ల మీద నడుస్తుందట. ఒకటి వేగమైనది. రెండోది పాతది, నెమ్మదైనది. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ దాన్నే తొక్కుతుంటాయి, మైక్రోవేవ్ తిరిగితే అది పూర్తిగా చతికిలబడుతుంది. రెండూ అందే చోట లాప్‌టాప్ మామూలుగా వేగమైనదాన్నే పట్టుకుంటుంది. ఆమె లాప్‌టాప్ సెట్టింగుల్లో మాత్రం పాత బ్యాండ్‌కే మొదటి చోటు అని ఎవరో ఎంచి పెట్టారు. టీవీ వేగమైనదాని మీద ఉంది. వేద ఆటలాడుకునే ట్యాబ్లెట్ కూడా దాని మీదే ఉంది.

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఏవండీ, నా లాప్‌టాప్‌ని స్లో బ్యాండ్‌లో పెట్టింది మీరేనా?" అని సాయంత్రం అడిగింది.

"ఓ, అదా! ఇల్లు కొన్నప్పుడు సెటప్ చేశా. నా ఆఫీస్ కాల్స్ డిస్టర్బ్ కాకుండా ఇంపార్టెంట్ కాని డివైస్‌లన్నీ అటు తోసేశా. డోర్‌బెల్, థర్మోస్టాట్, గరాజ్ డోర్..."

"నా లాప్‌టాప్."

"అప్పట్లో నువ్వు చూసేది వంట వీడియోలేగా. తర్వాత మర్చిపోయా. ఒక్క మాట చెప్పుంటే నిమిషంలో మార్చేవాణ్ణి."

"యాక్సెంట్ అన్నారు కదండీ."

"అదీ కొంత ఉంటుందిగా," అని ఆయన ఫోనులోకి తల దూర్చాడు.

సెట్టింగ్ ఆమే మార్చుకుంది. నిజంగానే నిమిషం పని. అవనికి ఫోన్ చేస్తే, ఆ ఉద్యోగంలో ఇంకెవరో చేరిపోయారంది. మర్నాడు పొద్దున జగన్మోహన్ స్నానానికి వెళ్లినప్పుడు ఆయన లాప్‌టాప్ తెరిచి అదే సెట్టింగ్ దాకా వెళ్లింది. కాసేపట్లో ఆయనకు క్లయింట్‌తో పెద్ద కాల్ ఉంది. ఒక్క నొక్కు చాలు. కానీ ఆయన ఉద్యోగం మీద ఆయన వీసా ఉంది, దాని తోక పట్టుకుని తన పర్మిట్ ఉంది. కక్ష తీర్చుకునే స్తోమత కూడా తనకు లేదని తెలిసి, మూసేసి లేచింది.

ఆ మధ్యాహ్నం యాక్సెంట్ క్లాసులో టీచరమ్మ మొహం మొదటిసారి అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించింది. వసుమతి రెండు వాక్యాలు మాట్లాడగానే ఆవిడ చప్పట్లు కొట్టి, వాట్ అన్ ఇంప్రూవ్‌మెంట్, ఎవ్రీ వర్డ్ ఈజ్ క్లియర్ అంది. ఫ్రిజ్‌లోంచి సాంబారన్నం గిన్నె తీస్తున్న జగన్మోహన్ అది విని మురిసిపోయాడు.

"చూశావా వసూ? నే చెప్పలా, ట్రైనింగ్ పనిచేస్తుందని!"

ఆయన గిన్నెను టేబుల్ మీద, ఆమె ముందు పెట్టాడు. కాస్త వేడి చేసి ఇవ్వమని. వసుమతి మైకు మ్యూట్ చేసింది.

"మీ అన్నం మీరే వేడి చేసుకోండి!"

గుంటూరు వదిలాక ఆ గొంతు బయటికి రావడం అదే మొదలు. పై గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న వేద కూడా మెట్ల దాకా వచ్చి చూసింది. జగన్మోహన్ మాత్రం గిన్నె పట్టుకుని, మొహం చిట్లించి, "ఏంటి, ఏమన్నావ్?" అని మళ్లీ అడిగాడు.