అడ్డుతెరకు సీటు దొరికింది

నవ్వనంటెనే చెప్తా. మా అక్క బిడ్డ పెండ్లిల నేను చేసిన నిర్వాకానికి, ఇయ్యాల్టికి కూడ వియ్యాలోళ్లు నా పక్కన కూసుంటలేరు!

పెండ్లి ములుగుల, పిలగానోళ్ల ఇంటికాడ. అందరు ముందురోజే పోయిన్రు. నాకేమో షాపు ఉండె, పొద్దుగాల వస్తనని హనుమకొండల ఆగిన. తెల్లారంగనే అక్క ఫోన్.

"తమ్మీ, అడ్డుతెర బీరువలనే మర్చిపోయినం! జర పట్టుకరా. పదకొండింటికి ముహూర్తం."

"గుడ్డే కదనే! అక్కడేదన్న కొత్త తువ్వాల పట్టరాదు?"

"అమ్మ పెండ్లిల పట్టింది గదేరా, నా పెండ్లిల పట్టింది గదే. అది లేకుంటే పిల్లను పీటల మీద కూసోనియ్యనంటాంది అమ్మ!" ఇగ అక్క ఏడ్సుడొక్కటే తక్కువ.

తీసి చూసిన. తెల్లబట్ట, నడుమ కుంకుమతోని స్వస్తిక్, నాలుగు మూలల పసుపు. సంచిల పెట్టుకొని ఉరికిన.

బస్టాండ్ల ములుగు బస్సు వచ్చుడే ఆలస్యం, జనం ఎగవడ్డరు. చిన్నప్పటి సంది మనకు అలవాటే గదా, కిటికీలకెళ్లి దస్తీ ఏసుడు, సీటు మనదే అనుడు. జేబుల చెయ్యి పెడితే దస్తీ లేదు! సంచిల ఏమున్నది? ఇగ చెప్పేదేమున్నది... ఏసేసిన!

డోర్ కాడికి పోయేసరికి కండక్టర్, "ఫుల్ అయింది అన్నా, ఎనుక ఇంకో బస్సు ఉన్నది" అని విజిల్ కొట్టిండు. బస్సుల అడ్డుతెర, కింద నేను!

ఎనుక బస్సుల నిలబడి పోతాన్న. ఫికర్ ఒకదిక్కు, అదేమయిందో చూడాలన్న ఆత్రం ఒకదిక్కు. ఎవరు కూసున్నరో దాని మీద? పోరగాని ముక్కు తుడిసిన్రా ఏంది?

ములుగుల దిగి, ముందు అప్పుడే వచ్చి ఆగిన ఆ బస్సే ఎక్కిన. నడిమిట్ల జనం ఒకల మీద ఒకలు నిలబడ్డరు. ఆ సీటు మాత్రం ఖాళీ! నా తెర ఒక్కతే కిటికీ పక్కన దర్జాగ కూసున్నది.

చెయ్యి సాపిన్నో లేదో, దిగబోతున్న ఒక ముసలమ్మ మొత్తుకున్నది. "ముట్టకు బిడ్డా! ఎవడో చేతబడి చేసి ఏసిండు. హన్మకొండ కాన్నుంచి నిలబడే వచ్చినం, ఎవ్వలం కూసోలే!"

"నాదేనమ్మా, నేనే ఏసిన" అన్న.

అంతే! గంత రష్షుల సుత నాకు తొవ్వ ఇచ్చిన్రు.

ముహూర్తానికి అందుకున్న. అమ్మ తెరను కండ్లకద్దుకున్నది, అక్క ఊపిరి పీల్చుకున్నది. ఒక కొస నాకే పట్టుమని ఇచ్చిన్రు. పట్టుకొని గర్వంగ నిలబడ్డ. పిలగాని దిక్కుకెళ్లి ఒక్కటే కేక: "ఓ అవ్వా! చేతబడాయన ఈడికి సుత వచ్చిండు!"

చూస్తే బస్సుల ముసలమ్మ. పిలగాని అమ్మమ్మనట!

అక్క ఎంత సముదాయించినా లాభం లేదు. మొన్న పదహారు రోజుల పండుగకు పోతే, బంతిల నాకు అటు రెండాకులు ఖాళీ, ఇటు రెండాకులు ఖాళీ.

ఇగ నాకు దస్తీతోని ఏం పని చెప్పున్రి? నన్ను కిటికీలకెళ్లి లోపలికి ఏస్తే చాలు, బస్సంతా మనదే!