పడి మీది గోపురం

యుద్ధం రోజుల్లో కంట్రోలు ఉండబట్టి ధరలు కదల్లేదని ఈ మధ్య పెద్దమనుషులు అరుగుల మీద కూర్చుని చెప్పుకుంటున్నారు. వింటుంటే ఒళ్లు మండుతుంది. డోన్ అంగళ్లలో వేలాడిన ధరల బోర్డులు రాసింది నేను. తాలూకా కచేరీలో గుమాస్తాను. జొన్నలు కొలిచే పడికి ఇంత, చెనక్కాయ నూనె ఇంత, కిరసనాయిలు ఇంత అని తెల్లరంగుతో గుండ్రంగా రాసేవాణ్ణి. బోర్డు మీద ధర కదల్లేదన్నది నిజమే.

కానీ మా ఇంట్లో నెలకని తెచ్చిన జొన్నలు నెల తిరక్కముందే అయిపోయేవి. డబ్బు అదే, తినే నోళ్లూ అవే. మా అమ్మ నా భార్యను అనుమానించింది.

"పుట్టింటికి సాగనంపుతాండాదిరా. లేకుంటే యాడికి పోతాయి?"

"అంగట్లో కొలత బాగలేదు" అని నా భార్య రెండు మూడుసార్లు చెప్పింది. చూసి తెచ్చుకోవడం చేతకాదా అని కసిరాను. నా చేత్తో రాసిన బోర్డును నమ్మాను గాని ఆమెను నమ్మలేదు.

ఒకరోజు ఆమె అన్న బేతంచెర్ల నుంచి వచ్చాడు. అక్కడ గనిలో బండలు కొట్టే మనిషి. సంతకు పోతూ చెల్లెల్ని చూసిపోదామని వచ్చాడు, చంకలో ఖాళీ సంచి. వసారాలో పక్కింటివాళ్లు కూడా ఉన్నారు.

"సంచి తెచ్చినావేం బావా? ఈ నెల జొన్నలు ముందే అయిపోయినాయే" అన్నాను.

ఆయన తింటున్న రొట్టె పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. నా భార్య ఏడవలేదు. "రేపట్నుంచి అంగడికి నువ్వే పో" అంది.

పోయాను. మా సీమలో జొన్నలు కొలిస్తే పడి అంచు దాటి గోపురంలా నిలవాలి, ఇక నిలవలేక గింజలు వాటంతటవే జారాలి. అదీ పడి అంటే. మొదటి పడిని 'ఒకటి' అనకుండా 'లాభం' అంటారు, చివర్లో ఓ గుప్పెడు కొసరు వేస్తారు. అంగడాయన 'లాభం' అన్నాడు. అని, పడి అంచు మీద కర్రతో గీసి గోపురాన్ని తన గంపలోకే నెట్టేసుకున్నాడు.

"గోపురం ఏమాయెనప్పా?"

"మిలిటరీలో చేరింది సామీ."

అక్కడున్న ఆడవాళ్లంతా నవ్వారు. ఒక ముసలామె నా వైపు తిరిగింది. "ఇన్నాళ్లకు వచ్చినావా నాయనా? మీ ఇంటామె ఈడ శానా కొట్లాడె. ఈయప్ప ఆ బోర్డు చూపిచ్చి, గోపురం పొయ్యమని మీ ఆయన యాడన్నా రాసినాడా, పోయి అడుగుపో అంటాండె."

నూనె కొలిచే గిద్దకు అడుగున సొట్ట. అక్కరలేని టీపొడి కొంటే తప్ప కిరసనాయిలు లేదు. చీర ధర అదే, కుచ్చిళ్లకు మాత్రం గుడ్డ చాలదు. ధర పెంచకుండానే ప్రతి ఇంటి కడుపూ కొట్టారు. ఆ దోపిడీకి నా అక్షరాలు కాపలా కాశాయి.

కచేరీకి పోయి, కొలత ఎలా ఉండాలో కూడా బోర్డు మీద రాద్దామని పై అధికారిని అడిగాను. "సర్కారు ధర రాయమంది. గింజలు లెక్కపెట్టమనలేదు" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

ఆ ఆదివారం రైలెక్కి బేతంచెర్ల పోయాను. బావ బండ మీద ఉలి ఆనించి ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను.

"నాకెందుకు చెప్తాండావు బావా? ఆ పొద్దు మీ పక్కింటోళ్లు విన్న్యారే, వాళ్లకు చెప్పుపో" అని ఉలి మీద దెబ్బ వేశాడు.

వాళ్లకు చెప్పలేదు. మగవాణ్ణి కదా, నోరు రాలేదు. నేను వేసిన నింద మా వీధి దాటి బంధువుల దాకా పాకింది, ఇప్పటికీ ఉంది. అందుకే రాస్తున్నాను. నా భార్య పుట్టింటికి ఒక్క గింజ కూడా పంపలేదు. దొంగతనం జరిగింది అంగట్లో, నేను రాసిన బోర్డు కింద.

ఇలా రాస్తున్నానని ఆమెకు చెప్పాను. చేట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"పంపింటే బాగుండు. ఎట్లాగూ మాట పడితి, మా అన్నన్నా కడుపునిండా తినుండు."