నేను మడతపెట్టి ఇచ్చిన చొక్కా

1986. గుంటూరులో ఒక పెద్దాసుపత్రి, మెడికల్ వార్డు. పత్తికి మందు కొట్టే రోజులు వచ్చాయంటే మాకు మంచాలు చాలేవి కావు. బీఎస్సీ నర్సింగ్ చదివి ఆరేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాను. ఆ ఏడు ఎమ్మెస్సీ నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టాలి. అందులో స్పెషాలిటీ అని ఒక గడి ఉంటుంది. ఏ విభాగం కావాలో అక్కడ రాయాలి. నాకు అనుమానమే లేదు. మెడికల్ సర్జికల్, అంటే ప్రాణం మీదికి వచ్చిన రోగుల దగ్గర నిలబడే నర్సింగ్. ఊళ్లు తిరిగే కమ్యూనిటీ హెల్త్ అంటే చిన్నచూపు. సూది పట్టడం రానివాళ్ల చదువు అని నోరు జారిన రోజులూ ఉన్నాయి.

ఆ గర్వానికి కారణం యోహాను లాంటి కేసులే. ప్రత్తిపాడు దగ్గర పల్లె అతనిది. పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయాడు. నోట చొంగ, ఒళ్లంతా చెమట, కనుపాపలు సూదిమొనంత. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, అట్రోపిన్ మొదలుపెట్టాం. విషానికి విరుగుడు అది. రోగిని కనిపెట్టుకుని ఉండి, నిమిషాలు చూసుకుంటూ ఇవ్వాలి. నాలుగో రోజుకు లేచి కూర్చుని గంజి తాగాడు.

ఇంటికి పంపే రోజున అతని భార్య దీవెనమ్మ చేతికి బట్టల మూట ఇచ్చాను. మా వార్డులో రోగుల వస్తువు ఏదీ పోదని నాకు పేరు. పొడుగు చేతుల ఖాకీ చొక్కా, జేబు మీద నీలం మాసిక. మడతపెట్టి మరీ ఇచ్చాను.

"మా ఆయన్నీ దక్కించారు, చొక్కానీ దక్కించారు సిస్టరమ్మా" అంది. పొంగిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం దీవెనమ్మనే మోసుకొచ్చారు. అదే చొంగ, అవే కనుపాపలు. చీర మీద అదే చొక్కా. నీలం మాసిక చూడగానే నేను మడతపెట్టి ఇచ్చినదేనని గుర్తుపట్టాను.

మా వైపు పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంటారు. మా అమ్మా తొడుక్కునేది. మందు కొట్టే చొక్కాను ఆ పని అయిపోయేదాకా ఉతకరనీ తెలుసు. అన్నీ తెలిసి కూడా, మందు ఇంకిన చొక్కాను ఉతికించకుండానే ఇచ్చాను. వార్డు గుమ్మం దాటాక ఆ చొక్కా సంగతి నాది కాదనుకున్నాను.

సాయంత్రం దాకా ఆమె బతుకుతుందని ఎవరం చెప్పలేకపోయాం. బతికింది. మాట వచ్చాక అడిగాను.

"ఉతక్కుండా ఎందుకు తొడుక్కున్నావమ్మా?"

"మీరేగా మడతపెట్టి ఇచ్చింది? పెద్దాసుపత్రి నుంచి వచ్చింది గదా, శుభ్రం చేసే ఇచ్చారనుకున్నా."

నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. తప్పు నాదేనని చెప్పాను. "మీరేం చేశారమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది.

వెళ్లే రోజున ఆమెను, "ఇంటికెళ్లి ఏం చేస్తావు?" అని అడిగాను. ఆరేళ్లలో ఏ రోగినీ అడగని ప్రశ్న.

"ఏం చేస్తాం, ఒంట్లో ఓపిక రాగానే తీతకు పోతా. మా చొక్కా ఇవ్వండి."

"అది పాతిపెట్టించాను."

"మరి ఏం తొడుక్కుని పోను?"

మా నాన్న చొక్కాలు రెండు తెప్పించి ఇచ్చాను. ఒకటి మందుకు, ఒకటి తీతకు, రెండూ కలపొద్దని, విప్పగానే విడిగా ఉతకమని చెప్పాను. శ్రద్ధగా విని, "మా పేటలో అందరూ ఇట్టాగే తొడుక్కుంటారమ్మా. వాళ్లకెవరు చెబుతారు?" అంది.

దరఖాస్తు చూసి, బీఎస్సీలో చదువు చెప్పిన మా ట్యూటర్ గారు కళ్లద్దాలు తీశారు. "ఇంత పనిమంతురాలివి, ఊళ్లు పట్టుకు తిరుగుతావా?" అన్నారు.

"దీవెనమ్మ ఒక మాట అడిగిందండి. ఈ వార్డులో ఉంటే జవాబు చెప్పలేను" అన్నాను.

గడిలో కమ్యూనిటీ హెల్త్ అని రాసి ఉంది.