లూజు డబ్బా

"లూజు" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

చోడవరంలో మా అమ్మాయి చదివే ప్రైవేటు బడి గేటు దగ్గర ఒకామె ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, జామకాయలు అమ్మేది. ఎవరి పిల్లాడికో కడుపునొప్పి వచ్చిందట. అంతే, బడివాళ్లు ఆమెను అక్కడినుంచి తరిమేశారు. క్యాంటీన్ కిటికీ పక్కన బోర్డు తగిలించారు: "లూజు ఐటమ్స్ నిషేధం. సీలు ఉన్నవే కొనండి." ఆ కిటికీలో ఏముంటాయనుకున్నారు? చిప్స్ పేకెట్లు, తాగితే నాలుక నారింజరంగుకి తిరిగే డ్రింకులు. సీలుంది కదా, ఇంకేం, అన్నీ అమృతమే!

నేను మాత్రం నా పద్ధతి మానలేదు. చుట్టూ చెరుకు పండే ఊళ్లో ఉండి, ఇంట్లో బెల్లం పెట్టుకుని, పిల్లకి రంగునీళ్లు కొనిస్తానా? రోజూ డబ్బాలో నువ్వుండలో, చోడిపిండితో, అదే రాగిపిండితో కాల్చిన రొట్టో పెట్టి పంపేదాన్ని. సాయంత్రానికి డబ్బా ఖాళీగా వచ్చేది. శుభ్రంగా తింటోందని మురిసిపోయాను.

ఒకరోజు పొద్దున ప్రేయర్‌లో పిల్ల కళ్లు తిరిగి పడిపోయిందని ఫోన్ వచ్చింది. ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పిల్ల కంటి రెప్ప కిందకి లాగి, లోపల తెల్లగా పాలిపోయి ఉండటం నాకూ చూపించి, "రక్తం బాగా తక్కువుంది. ఏం పెడుతున్నారమ్మా?" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నువ్వులు, బెల్లం, చోళ్లు అని గడగడా చెప్పాను. పిల్ల తల దించుకుంది.

"నాను తినట్లేదమ్మా. పారేస్తన్నాను."

"పారేస్తన్నావా? ఏటే, ఎందుకే?"

"డబ్బా తెచ్చుకుంటే లూజు అంటన్నారు. 'లూజు డబ్బా వచ్చిందిరోయ్' అని అందరూ నవ్వుతన్నారు."

తాతయ్య చేతిలో పెట్టే చిల్లరతో ఆ కిటికీ దగ్గర డ్రింకు కొనుక్కుని, దాంతోనే పొద్దు గడుపుతోందట. బోర్డు మీది మాటని పిల్లలు పట్టుకెళ్లి నా కూతురి నెత్తిన పెట్టారు. పిచ్చిదానికీ అదే మాట, ఇంటి తిండికీ అదే మాట!

పిల్లని మా అత్తగారికి అప్పగించి, కట్టుకున్న చీరతోనే బడికి వెళ్లాను. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించి, ఎంతో ఓపికగా చెప్పాడు. "పేకెట్ మీద డేటు ఉంటుందమ్మా. లూజు సరుకుకి గ్యారంటీ ఎవరిస్తారు?"

"నానిస్తాను! కన్నదాన్ని కదా. ఏటండీ మీ సీలు? శెనక్కాయకి తొక్క లేదా? అరటిపండుకి తొక్క లేదా? ఆ రంగునీళ్లు తాగి నా కూతురు, నా గుంట, ప్రేయర్‌లో పడిపోయింది. దానికి గ్యారంటీ ఎవులిస్తారు, మీరిస్తారా?"

"కొంచెం మెల్లగా మాట్లాడండమ్మా," అన్నాడు. మెల్లగానా! గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూశాడు. చూడనీ అనుకున్నాను. పేరెంట్స్ మీటింగ్‌లో మళ్లీ లేచాను. ఈసారి నాతో మరికొందరు తల్లులూ లేచారు. చివరికి, "ఆరోగ్యకరమైనవే అమ్ముతాం," అని మాటిచ్చారు.

వారం తిరక్కుండానే ఆ డ్రింకులు పోయాయి. వాటి చోట ఏం వచ్చాయో తెలుసా? మామిడిపండు బొమ్మ వేసిన పేకెట్లు! ఒకటి కొని తాగి చూశాను. పంచదార నీళ్లే, రంగు మారిందంతే. బోర్డు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గేటు దగ్గరి ఆమెని మళ్లీ రానివ్వలేదు. కిటికీ ముందే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున డబ్బాలో నువ్వుండలు సర్దుతుంటే పిల్ల సెల్లోటేప్ పట్టుకుని వచ్చింది.

"అమ్మా, దీంతో మన డబ్బాకి సీలెయ్యి. అప్పుడు తింటాను."

టేపు తీసి అవతల పారేద్దామనుకున్నాను. రెప్ప కింద ఆ తెలుపు గుర్తొచ్చింది. నోరు మూసుకుని మూత చుట్టూ టేపు వేశాను. పిల్ల స్కెచ్‌పెన్ను తెచ్చి, నాలుక బయటపెట్టి, టేపు మీద ఆ రోజు తేదీ కూడా రాసుకుంది.

సాయంత్రం పరిగెత్తుకుంటూ వచ్చి డబ్బా తెరిచి చూపించింది. నువ్వుగింజ కూడా మిగల్లేదు.

"మొత్తం తినేసేనమ్మా. ఎవులూ ఏటీ అన్లేదు."