దెబ్బకో అక్షరం

ఢంకా మామ మెల్లగా మాట్లాడగా విన్నవాళ్ళెవరూ లేరు. బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము వాయించే మనిషి మరి. పెళ్ళి ఊరేగింపయినా, కొత్త బట్టల కొట్టు తెరిచినా, ఆయన చెయ్యి పడందే మిగతావాళ్ళ బాకాలు నోరు తెరవవు. చెవులు చిల్లులు పడేలా వాయించీ వాయించీ తమ్ముడికి వినికిడి తగ్గిందని వాళ్ళక్క అంటుంది. అదేం లేదని ఆయన వీధి చివరిదాకా వినపడేలా చెబుతాడు.

ఉండేది ఆ అక్క ఇంట్లోనే. సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. అక్క ఇస్త్రీ పని చేస్తుంది. బావ లారీ తోలుతాడు కాబట్టి ఇంట్లో కనపడేది తక్కువ. ఒక గదిలో ఊళ్ళోవాళ్ళ చొక్కాలు, రెండో గదిలో డ్రమ్ము. చోటు చాలక అక్క మడతపెట్టిన బట్టలు డ్రమ్ము మీద పెట్టడం, ఈయన లబోదిబోమనడం రోజూ ఉండే భాగోతమే.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి మామ పెట్టిన పేరు టపాకాయ. ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. ఎంత మాటకారో చెప్పలేం గానీ పుస్తకం తెరిస్తే చాలు, నోరు పడిపోయేది. తెలివిలేక కాదు. ఒకసారి విన్న మాట పొల్లు పోకుండా అప్పజెప్పగలదు. కాగితం మీద అక్షరాలే దానికి లొంగేవి కావు. "నేను చూస్తుంటే అవి ఈగల్లా లేచిపోతాయి మామయ్యా, నేనేం చెయ్యను?" అనేది. చిన్నది ఒక్క తరగతే కింద. అది మాత్రం మందుసీసా మీద కాగితం కూడా వదలకుండా గడగడా చదివి అక్క వైపు చూసి నవ్వేది. అలాంటి పిల్లల్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇంతలో బడినుంచి కబురొచ్చింది. సెలవుల ముందు పెద్ద టీచరమ్మ గదిలో టపాకాయ ఒక కొత్త పేజీ పైకి చదవాలి. చదవలేకపోతే వచ్చే ఏడు ఇదే తరగతి, అంటే చెల్లెలి పక్కన ఒకే బెంచీ మీద. టపాకాయ ఆ రోజు అన్నం ముట్టలేదు. "నేను బడి మానేసి మామయ్యతో డ్రమ్ము మోస్తా" అని గోడకేసి తిరిగి పడుకుంది.

మర్నాడు ఆయనే తరగతి టీచరు దగ్గరకు వెళ్ళాడు. ఆ అమ్మాయి ఓపిక గల మనిషి. "కొందరు పిల్లల కంటికి అక్షరాలు ఒకచోట నిలవవండీ. తాళం వేస్తూ చదివిస్తే కొంత కుదురుతుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టాలి, ఒక్కో దెబ్బ కొట్టాలి. వేలూ దెబ్బా కలిసి నడవాలి. మెల్లగా" అని బల్ల మీద తట్టి చూపించింది.

ఇందులో మామ చెవికెక్కింది ఒక్క దెబ్బ మాత్రమే.

ఆయన తప్పూ కాదులెండి. బ్యాండువాళ్ళ చదువే అంత. మేస్త్రీ పాట ఊదుతాడు, వీళ్ళు విని వాయిస్తారు. కాగితం చూసి వాయించినవాడు ఆ మేళంలో పుట్టలేదు. మామ కూడా అలాగే మొదలుపెట్టాడు. తను ఒక వాక్యం చదివి ఢాం ఢాం అని కొట్టడం, టపాకాయ అదే వాక్యం అదే ఊపుతో అనడం. ఊరేగింపు వేగం! కొద్దిరోజుల్లోనే పిల్ల పాఠమంతా దంచేస్తోంది. అక్క ఇస్త్రీపెట్టె వదిలేసి కళ్ళు తుడుచుకుంది. మామ మీసం మెలేశాడు.

"అక్క పుస్తకం తలకిందులుగా పట్టుకుంది!" అంది చిన్నది.

"నోర్ముయ్! కళ్ళమంట నీకు" అని కసిరాడు మామ. కసిరాక చూశాడు. నిజమే.

అయినా మనసొప్పక టీచరు దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆవిడ పేజీ తిప్పింది. కొత్త పేజీలో ఏనుగు బొమ్మ. టపాకాయ ఆ ఏనుగు మీదే వేళ్ళు తట్టుకుంటూ, వెనకపేజీలోని వానపాఠం చివరిదాకా అప్పజెప్పింది. టీచరు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. మామకు తల కొట్టేసినట్లయింది. దారిలో పిల్ల, "నేను చదవలేదా మామయ్యా?" అని అడిగింది. "తప్పు నాదే, బంగారం. నీకు పాట నేర్పాను, చదువు నేర్పలేదు" అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే పిల్ల భయపడి ఆయన చెయ్యి పట్టుకుంది.

అప్పటినుంచి పద్ధతి మారింది. టపాకాయే మేస్త్రీ. దాని వేలు అక్షరం మీదకు చేరాలి, నోట అక్షరం రావాలి. అప్పుడే మామ దెబ్బ. అందాకా కర్ర గాల్లో. జన్మలో ఒక్క దెబ్బ కోసం ఆగి ఎరగని మనిషి, భుజం లాగేస్తున్నా పళ్ళు బిగించుకుని కూర్చునేవాడు. ముందుగా కొట్టేస్తే, "మామయ్యా! నేనింకా రాలేదు" అని కసిరేది. మేనకోడలి చేత తిట్లు తినే యోగం అందరికీ పడుతుందా?

ఢాం. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఢాం.

కింద సైకిలు తాత తట్టుకోలేక మెట్లెక్కి వచ్చాడు. "ఒరేయ్, మోత మోగించినన్నాళ్ళూ హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు ఆ రెండోది ఎప్పుడు పడుతుందా అని ఊపిరి బిగబట్టి చస్తున్నా. సుత్తి ఎత్తి పట్టుకుని నిలబడిపోతున్నాన్రా!" అన్నాడు. వచ్చినవాడు పోకుండా అక్కడే కూలబడి, పిల్ల ఒక్కో మాట పూర్తి చేసినప్పుడల్లా, "హమ్మయ్య!" అనడం మొదలుపెట్టాడు.

ఈగలు మెల్లగా వాలాయి. అన్నీ కాదు, చాలావరకు.

ఆ రోజు రానే వచ్చింది. పెద్ద టీచరమ్మ గదిలోకి డ్రమ్ము కుదరదన్నారు, మామను గుమ్మం దగ్గరే నిలబెట్టారు. టపాకాయ కొత్త పుస్తకం మీద వేలు పెట్టింది, రెండో చేత్తో తొడమీద తట్టుకుంటూ మొదలుపెట్టింది. ఒక మేకపిల్ల సంతలో తప్పిపోయిన కథ అది. నత్తనడకే అయినా నడుస్తోంది. పేజీ మధ్యలో ఒక పొడుగాటి మాట దగ్గర వేలు ఆగిపోయింది. తొడమీద చెయ్యీ ఆగింది.

మామ నిలబడ్డచోటికి ఆ పేజీ కనపడుతోంది. అక్షరాలు లావుగా ఉన్నాయి. 'వెతుక్కుంటూ' అని ఉంది. పెద్ద టీచరమ్మ కిటికీ బయటికి చూస్తోంది. ఒక్కసారి పెదవి కదిపితే చాలు, పిల్ల అందిపుచ్చుకుంటుంది, గండం గడిచిపోతుంది. టపాకాయ తిరిగి ఆయన వైపే చూసింది. మామ జేబురుమాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. అదీ చాలదని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చేత్తోనే పిల్లను ముంచేస్తున్నానేమో అనిపించింది.

తర్వాత తొడమీద ఒక దెబ్బ వినపడింది. "వె..." ఇంకోటి. "తు..." కాసేపు ఏమీ లేదు. "లు... కాదు కాదు, క్కుం... టూ."

మామ గోడకు నుదురు ఆనించాడు. నోట్లో రుమాలు లేకపోతే ఆయన కేక పక్క వీధికి కూడా వినపడేది.

ఇంకో రెండు వాక్యాలు విని పెద్ద టీచరమ్మ తల ఊపింది. "చాలమ్మా, చాలు. పై తరగతికి పంపిస్తున్నాను. చెల్లెలు నీకు కిందే ఉంటుంది, సరేనా?" అని నవ్వుతూ పుస్తకం మూయబోయింది.

టపాకాయ వేలు తియ్యలేదు.

"ఉండండి మేడమ్. మేకపిల్ల వాళ్ళమ్మ దగ్గరకు చేరిందో లేదో ఇంకా రాలేదు."

"పాసయ్యావు, తల్లీ."

"అది సరే మేడమ్. మీ చెయ్యి కొంచెం పక్కకు తియ్యండి, అక్షరాలు కనపడట్లేదు."

పెద్ద టీచరమ్మ చెయ్యి తీసేసింది. మామ నోట్లోంచి రుమాలు తీసేసి, అడగకుండానే లోపలికి వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. మేకపిల్ల ఏమైందో ఆయనకూ తెలియదు. పిల్ల వేలు తరవాతి అక్షరం మీదకు చేరేదాకా ఇద్దరూ ఆగారు.